తల్లి చేతిలోని తట్ట



తల్లి ప్రేమనుగూర్చి మనము తరచుగా వినుచుందుము. మందిరములో దానినిగూర్చి ప్రసంగములు జరుగును, స్త్రీల కూటములలో పాటలు పాడుదురు. తల్లి తన ప్రాణమునైనను ఇచ్చి బిడ్డను కాపాడునని చెప్పుకొందుము. ఆ మాటలలో అబద్ధమేమియు లేదు. అయితే కరవు వచ్చినప్పుడు, ఉప్పెన వచ్చినప్పుడు, ఆ ప్రేమ ఒక్కటే బిడ్డను బ్రతికింపగలదా? మన తెలుగుదేశపు చరిత్రయే ఈ ప్రశ్నకు జవాబు చెప్పుచున్నది. కొంచెము నిదానించి ఆ చరిత్రను చూతము రండి.

ముందుగా మీరెరిగిన ఇద్దరు తల్లులను జ్ఞాపకము చేసికొనుడి. హాగరు అరణ్యములో త్రోవ తప్పి తిరుగుచుండగా తిత్తిలోని నీళ్లు అయిపోయెను. ఆమె తన కుమారుని పొదనీడను విడిచి, వాడు చచ్చుట కన్నులార చూడజాలక దూరముగా పోయి కూర్చుండి యేడ్చెను. ఆమె ప్రేమలేని తల్లియా? కాదు. ఆమె చేతిలో నీళ్లు లేవు, అంతే. రెండవ తల్లి యోకెబెదు. మూడు నెలలు బిడ్డను దాచిపెట్టి, ఇక దాచలేక, జమ్ముపెట్టెలో పరుండబెట్టి నీటియొడ్డున విడిచెను. ఆ పెట్టెకు నీరు చొరకుండ పూత పూసెను. అక్క దూరమున నిలిచి కావలి కాచెను. రాజకుమార్తె చూచి జాలిపడెను. ఇక్కడ మనము అంతగా గమనింపని సంగతి ఒకటి కలదు: ఆ రాజకుమార్తె జీతమిచ్చెదనని చెప్పి, ఆ తల్లికే ఆమె సొంత బిడ్డను పెంచుటకు అప్పగించెను.

ఈ ఇద్దరి ప్రేమలో హెచ్చుతగ్గులు లేవు. ఒకతె చేయి ఖాళీగా నుండెను. రెండవ ఆమె చేతికి ఒక పెట్టె, ఒక కావలి, ఒక జీతము దొరకెను. ఈ భేదమును మనసునందుంచుకొని మన దేశపు సంగతులలోనికి వత్తము.

1832, 1833 సంవత్సరములలో గుంటూరు సీమను ఒక గొప్ప కరవు పాడుచేసెను. అది నందన నామ సంవత్సరమున వచ్చెను గనుక పెద్దలు దానిని నందన కరవు అనిరి. ఆ జిల్లాలో అప్పుడు సుమారు అయిదు లక్షల జనముండగా, లక్షకు పైగా ఆకలిచేతను రోగములచేతను చనిపోయిరి. గంజి దొరకునను ఆశతో కుటుంబములకు కుటుంబములే మద్రాసు త్రోవ పట్టి నడచెను. బిడ్డలను చంకనెత్తుకొని బయలుదేరిన అనేకులు ఆ త్రోవలోనే రాలిపోయిరి. ఆ దినములలో కృష్ణానది ఆ జిల్లా అంచునే పారి సముద్రములో కలియుచుండెను. నీరు దగ్గరనే యుండెను గాని దానిని పొలములకు మళ్లించు ఆనకట్ట లేకపోయెను. బెజవాడ యొద్ద ఆనకట్ట 1855లోగాని పూర్తికాలేదు. హాగరు ఏడ్చినచోటికి దగ్గరలోనే ఊట యుండెను గదా! ఆమె కన్నులు ఆ గడియలోనే తెరువబడెను. మన పాలకుల కన్నులు తెరువబడుటకు ఇరువది ఏండ్లు పట్టెను.

నందన కరవు ఒక సీమను కొట్టెను. 1876లో, ధాత నామ సంవత్సరమున వచ్చిన కరవు దక్షిణ దేశములో అధికభాగమును కొట్టెను. నైరుతి వానలు చాలకపోయెను. తరువాత రావలసిన ఈశాన్య వానలు తప్పిపోయెను. పసిఫిక్ మహాసముద్రపు నీళ్లు వింతగా వేడెక్కి 1877లో కూడ మన వానలను చెడగొట్టెనని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. తెలుగు జిల్లాలలో బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు మిక్కిలి దెబ్బతినెను. అనంతపురము ప్రాంతము అప్పటికి బళ్లారి జిల్లాలోనిదే. ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిది.

దేశములో ధాన్యము బొత్తిగా లేక కలిగిన కరవు కాదిది. రైళ్లు నడచుచునే యుండెను. మన రేవులనుండి ధాన్యము పై దేశములకు ఎగుమతి యగుచునే యుండెను. అయితే సేద్యము ఆగినందున కూలి పని లేదు. బట్ట కొనువారు లేనందున సాలెవాని మగ్గము ఆగెను. ధర మాత్రము నానాటికి ఎక్కుచుండెను. చేతిలో కాసు లేనివానికి అంగడిలోని ధాన్యము ఆకాశములోని చుక్కవంటిదే.

1881లో జనాభా లెక్క వ్రాసినప్పుడు ఈ గాయము అంకెలలో కనబడెను. కర్నూలు జిల్లా పదియేండ్ల క్రిందటి జనములో నాల్గవవంతును కోల్పోయియుండెను. బ్రిటిషు పాలనలోని ప్రాంతములలో యాబది లక్షలకు పైగా చనిపోయిరని కరవు కమిషను అంచనా వేసెను. చనిపోయినవారే గాక, ఆ ఏండ్లలో పుట్టవలసిన బిడ్డలలో ఎందరో పుట్టనేలేదు. ఆకలిగొన్న దేహము క్రొత్త ప్రాణమును మోయుట దుర్లభము.

ఇక్కడ తల్లులనుగూర్చి ఒక మాట చెప్పవలెను. తిండి తగ్గినంతమాత్రమున బాలెంత పాలు వెంటనే ఎండిపోవు. ఆమె దేహము తన కండను కరిగించి, తన ఎముకలలోని సున్నమును తీసి, బిడ్డకు పాలుగా పోయుచునే యుండును. నేటి వైద్యులు దీనిని స్పష్టముగా ఎరుగుదురు. కావున కరవులో తల్లి తన్ను తాను బిడ్డకు పెట్టుననుట అలంకారము కాదు, ఉన్న సంగతియే. అయితే దీనికొక హద్దున్నది. ఆమెకు పెట్టువారు లేనియెడల, ఇయ్యగలిగినదంతయు ఇచ్చి ఆమెయు పడిపోవును, ఆమె వెనుక బిడ్డయు పోవును.

ఆ కరవులో సర్కారువారు రోడ్లు, చెరువులు, కాలువల పనులు తెరచిరి. త్రవ్వుట పురుషుల పని. తట్టలతో మట్టి మోయుట స్త్రీల పని. 1877 జనవరిలో సర్ రిచర్డు టెంపుల్ అను అధికారి ఇండియా ప్రభుత్వము తరఫున మద్రాసు రాజధానికి వచ్చెను. మూడేండ్లకు ముందు బీహారు కరవులో ఆయన ధారాళముగా బియ్యము తెప్పించి ప్రాణములు కాపాడెను. అందుకు ఆయనకు మెప్పుకంటె నింద ఎక్కువగా వచ్చెను, దుబారా చేసెననిరి. ఈ సారి ఆయన పొదుపు చేయుటకే వచ్చెను. పనిచేయు పురుషునికి దినమునకు ఒక పౌను ధాన్యమును కొంచెము రొక్కమును చాలునని, స్త్రీలకును పిల్లలకును అంతకంటె తక్కువ చాలునని ఆయన ఏర్పాటు చేసెను. పౌననగా నేటి లెక్కలో అరకిలోకు తక్కువ.

మద్రాసు రాజధాని ఆరోగ్యశాఖకు అధికారియైన డాక్టరు కార్నిష్ దీనిని గట్టిగా ఎదిరించెను. జైలులోని ఖైదీకి పెట్టుదానికంటె ఇది తక్కువ. ఇంత కొద్ది తిండితో దినమంతయు మట్టిపని చేయు మనుష్యుడు నిలువడని ఆయన వాదించెను. కొన్ని నెలలకు ఆ కూలిని పెంచవలసివచ్చెను గాని, ఆకలిగొన్నవానికి కొన్ని నెలలు కొద్ది కాలము కాదు. తల్లి మాట ఆలోచించుడి. తట్ట మోయు బాలెంత ఇద్దరి ఆకలిని మోయుచున్నది. ఆమెకు మిగిలినవారికంటె ఎక్కువ తిండి కావలెను; ఆమెకు దొరకినదో, పురుషునికి దొరకినదానికంటె తక్కువ.

ఆ దినములలో తమ బిడ్డలను మిషను బంగళాలయొద్ద అప్పగించి వెళ్లిపోయిన తల్లులు కలరు. అనాథశాలలు నిండిపోయెను. తల్లి యెట్లు విడువగలిగెనని మనము తొందరపడి తీర్పు తీర్చకూడదు. బిడ్డ బ్రతుకవలెనని నీటియొడ్డున విడిచిన యోకెబెదును మనము విశ్వాసవంతురాలని మెచ్చుకొనుచున్నాము గదా! కరవులో గుమ్మముయొద్ద బిడ్డను దించి వెనుకకు తిరిగి చూచుచు పోయిన ఆ పేరెరుగని తల్లి చేసినదియు అదే. ఆమెకు జీతమిచ్చి ఆమె బిడ్డను ఆమెకే అప్పగించు రాజకుమార్తె దొరకలేదు.

అయితే సహాయపు చేతులు బొత్తిగా లేకపోలేదు. 1877 ఆగస్టులో మద్రాసునుండి వెళ్లిన మొర విని లండను నగరపు మేయరు ఒక నిధిని తెరచెను. ఇంగ్లాండులోని ప్రజలు దానికి ధనము పంపిరి. సర్కారు పనులచేత తీరని అక్కరలకు, అనగా అనాథలకు, బట్టలకు, కూలిన గుడిసెలకు, విత్తనములకు, ఎద్దులకు ఆ సొమ్ము ఉపయోగపడెను. పసిపిల్లలను చేర్చుకొని తిండి పెట్టు శాలలను కూడ కొన్నిచోట్ల నడిపిరి. తల్లి చేతికి కొంచెము సందు దొరికినచోట బిడ్డకు బ్రతుకు దొరకెను.

ఇప్పుడు మన సంఘముల చరిత్రలోని ఒక సంగతికి వత్తము. 1878 జూలై 3వ తేదీని ఒంగోలుకు ఉత్తరముగా వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్య మనలో అనేకులకు కంఠపాఠము. దానికి ముందు జరిగినది మాత్రము అంతగా చెప్పుకొనము.

ఒంగోలులో 1866నుండి పనిచేయుచున్న అమెరికను మిషనరీ జాన్ క్లౌ దొరగారు యౌవనమున తన దేశములో భూమి కొలుచు పని నేర్చినవాడు. కరవు ముదిరినప్పుడు, సముద్రతీరము వెంబడి త్రవ్వబడుచున్న పడవకాలువలో మూడున్నర మైళ్ల పనిని ఆయన కంట్రాక్టు పట్టెను. అప్పటి గవర్నరు పేరునుబట్టి అది తరువాత బకింగుహాం కాలువ యనబడెను. మిషనరీ కంట్రాక్టరు ఎందుకాయెను? ఊరి వెలుపల ఉంచబడిన పల్లెల ప్రజలు ఇతర పనిచోట్ల మేస్త్రీలచేత బాధపడుచున్నామని ఆయనతో మొరపెట్టుకొనిరి. కాబట్టి ఆయన తన బోధకులనే మేస్త్రీలుగా నియమించెను. వారు ఆ ప్రజలను పేరుపేరున ఎరిగినవారు. చేసిన పనికి సరియైన కూలి ఇచ్చిరి. అక్కడను రోగములు వచ్చెను, చావులు కలిగెను. అయినను వేలకొలది ప్రజలు ఆ గడ్డకాలమును గడచి బయటపడిరి. చెట్టుకొమ్మకు కట్టిన గుడ్డ ఉయ్యాలలో బిడ్డను పరుండబెట్టి తట్ట నెత్తికెత్తుకొనుట మన దేశములోని మట్టిపని తల్లులందరికి అలవాటే గదా. ఆ సాయంకాలము ఆమె చేతిలో పడిన కూలి ఆమె ప్రేమకు ఒక జమ్ముపెట్టె ఆయెను.

ఇంకొక సంగతి కూడ చెప్పవలెను. కరవు సహాయము జరిగిన కాలములో, ఇంచుమించు 15 నెలలు, క్లౌ దొరగారు ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. తిండికొరకు మతములో చేరిరన్న మాట రాకూడదనియు, ఆకలిని ఎరగా వాడుకొనకూడదనియు ఆయన పట్టుదల. తల్లి బిడ్డకు గంజి పోయుటకు ముందు ఏ ప్రశ్నయు అడుగదు. తల్లికి సహాయము చేయువారును ఆలాగే చేయవలెను.

ఆ కరవునుండి పాలకులు కొంత పాఠము నేర్చుకొనిరి. 1880లో కరవు కమిషను తన నివేదికను ఇచ్చెను. 1883లో కరవు నియమావళి సిద్ధపరచబడెను. పని చేయలేనివారికి, పనివారిమీద ఆధారపడిన పిల్లలకు ఏమి చేయవలెనో అందులో వ్రాయబడెను. మన కాలమునకు వత్తుమా, 2005లో చేయబడిన గ్రామీణ ఉపాధి హామీ చట్టములో, పనిచోట ఆరేండ్లలోపు పిల్లలు అయిదుగురైనను ఉన్నయెడల వారిని చూచుకొనుటకు ఒక స్త్రీని నియమించి ఆమెకును కూలి ఇయ్యవలెనని నియమము పెట్టిరి. ఆ పథకము 2006 ఫిబ్రవరి 2వ తేదీని అనంతపురము జిల్లా బండ్లపల్లెలో ప్రారంభింపబడెను. ధాత కరవులో తల్లులు తట్టలు మోసి పడిపోయిన సీమ అదే. తల్లి ఆకలితో కార్చిన కన్నీరు చట్టములో ఒక వాక్యమగుటకు నూటయిరువది యేండ్లకు పైగా పట్టెను.

కరవు నెమ్మదిగా వచ్చును. ఉప్పెన ఒక్క రాత్రిలో వచ్చును. అయినను పాఠము ఒక్కటే. 1977 నవంబరు 19వ తేదీని కృష్ణాజిల్లా దివిసీమమీద తుపాను విరుచుకుపడెను. సముద్రము తాటిచెట్టు ప్రమాణముగా లేచి వచ్చెనని బ్రతికినవారు చెప్పుకొనిరి. హెచ్చరిక పల్లెలకు సరిగా చేరలేదు. చేరినను పోవుటకు గట్టి కట్టడములు లేవు. సుమారు పదివేలమంది చనిపోయిరి. నీళ్లు తీసిన తరువాత ఆ తీరమున కనబడినదానిని వర్ణించుట నా ఉద్దేశము కాదు. ఆ రాత్రి బిడ్డను గట్టిగా పట్టుకొనని తల్లి దివిసీమలో లేదని మాత్రము చెప్పుదును. చేతుల బలము నీళ్ల బలమునకు చాలలేదు.

పదమూడేండ్లు గడచెను. ఆ మధ్యకాలములో తీరమున తుపాను ఆశ్రయ భవనములు లేచెను, హెచ్చరికలు అందించు ఏర్పాట్లు బాగుపడెను. 1990 మే 9వ తేదీని అంతటి భయంకరమైన తుపానే అదే కృష్ణా తీరమును తాకెను. ఈ సారి లక్షలమందిని ముందుగానే తరలించిరి. చనిపోయినవారు వేయిమందిలోపు. అదియు గొప్ప నష్టమే. ప్రతి ప్రాణమును విలువైనదే. అయినను పదివేలకును వేయికిని గల భేదమును చూడుడి. 1990లోని తల్లులు 1977లోని తల్లులకంటె ఎక్కువ ప్రేమగలవారా? కాదు. ఈ తల్లులకు పరుగెత్తి చేరుటకు ఒక మేడ యుండెను, సమయమునకు వచ్చి తలుపు తట్టువాడు ఉండెను.

ఇక ఆ కాలువ సంగతి ఒకటి మిగిలియున్నది. 2004 డిసెంబరు 26వ తేదీని సునామీ మన తూర్పు తీరమును కొట్టినప్పుడు, పెదగంజాము మొదలుకొని మద్రాసు వరకు తీరమునకు సమాంతరముగా నున్న బకింగుహాం కాలువ ఆ నీళ్లను కొంతవరకు తనలోనికి తీసికొని తిరిగి సముద్రములోనికి విడిచెనని, అందువలన కాలువకు ఆవల ఉన్నవారికి ముప్పు తగ్గెనని పరిశీలించిన శాస్త్రజ్ఞులు వ్రాసిరి. 1877లో ఆకలితో తట్టలు మోసిన తల్లులకు ఈ సంగతి తెలియదు. వారు ఆ పూట గంజికొరకు మోసిరి. అయితే ఒక కాలమున తల్లుల చేతికి పని కల్పించిన కాలువ, నూటయిరువదియేడు సంవత్సరముల తరువాత పరాయి తల్లుల బిడ్డలకు అడ్డుగా నిలిచెను. మేలుకొరకు చేసినది ఎక్కడ ఫలించునో చేసినవారు ఎరుగరు.

ప్రియులారా, ఈ చరిత్ర మనలను ఏమి అడుగుచున్నది? తల్లి ప్రేమను పొగడుట సులభము. ఆమె ఎట్లైనను కాపాడుకొనునులే అని పొగడ్తతో సరిపెట్టి మన దారిని మనము పోవుట ఇంకను సులభము. అది పొగడ్త కాదు, బరువు తప్పించుకొనుట. హాగరు బిడ్డ ఏడ్పు వినబడినప్పుడు పరలోకమునుండి వచ్చినది మెప్పు కాదు, నీళ్లు.

మీ పల్లెను ఒకసారి మనసులో చుట్టి రండి. భర్త పోయి పసిపిల్లలతో నున్న తల్లి ఏ ఇంట నున్నది? కడుపుతో నుండి, కూలికి పోనిదే పూట గడవని కోడలు ఎవరు? ఆమె పేరు అంగన్‌వాడీలో వ్రాయబడినదా? లేనియెడల తోడుపోయి వ్రాయించుడి. మన తల్లులు అన్నము వండునప్పుడెల్ల పిడికెడు బియ్యము తీసిపెట్టి మందిరమునకు తెచ్చు ఆచారము అనేక సంఘములలో కలదు. ఆ బియ్యములో కొంత భాగము బాలెంత యింటికి చేరుచున్నదా? ముసలి అవ్వలారా, నడుము వంగి పొలము పోలేని మీరు పొరుగింటి బిడ్డను ఒక పూట చూచినను, అది నదియొడ్డున నిలిచిన అక్క చేసిన కావలియే. సంఘ పెద్దలారా, గాలివాన రాత్రి మందిరపు తాళపుచెవి ఎవరియొద్ద నున్నది? మీ మందిరము పక్కా కట్టడమైనయెడల, ఏ కులమువారు ఏ మతమువారు అని అడుగక దాని తలుపులు తెరచి యుంచుడి. తుపాను కబురు వచ్చినప్పుడు చివరి గుడిసె వరకు పోయి చెప్పు యౌవనులు ఇద్దరిని ఇప్పుడే, వాన రాకముందే, ఏర్పరచుకొనుడి.

ఇవి గొప్ప కార్యములు కావు. జమ్ముపెట్టెయు గొప్ప వస్తువు కాదు. ఏటియొడ్డున మొలచిన జమ్ముతో అల్లినదే. కాని అది సమయమునకు తల్లి చేతిలో నుండెను. రేపు కష్టము వచ్చినప్పుడు మన పల్లెలోని తల్లి ప్రేమలో కొదువ యుండదు. ఆమె చేతిలో ఏమి యుండునో అది మాత్రము మనమీద ఆధారపడియున్నది.